కవర్లాయన ఇంటి కంప్యూటర్

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, కరెంటు బిల్లు మీద తప్ప అది ఇంకెక్కడా కనిపించేది కాదు. వీధి వీధంతా ఆయన్ని కవర్లాయన అనే పిలిచేది. స్కూటరు సీటు దగ్గర్నుంచి వాషింగ్ మిషన్ దాకా, అంచులున్న ప్రతి వస్తువుకూ కవరు కుట్టటం ఆయన వృత్తి. కొట్టు మరీ ఇరుకు. ఒక గోడకు రెగ్జిన్ చుట్టలు, ఇంకో గోడకు కాన్వాసు చుట్టలు నిలబెట్టాక, నడుమ కుట్టుమిషనూ ఆయనా పట్టగా మిగిలిన చోటులో గిరాకీలు పక్కకు తిరిగి నిలబడాల్సి వచ్చేది.

కొలత తీసుకోవటంలో ఆయనకు ఆయనే సాటి. టేపు మెడలో వేసుకుని వస్తువు చుట్టూ ఒకసారి తిరిగి, డాక్టరు రోగి పొట్ట నొక్కినట్టు అరచేత్తో అక్కడక్కడ నొక్కి, "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" తర్వాత టేపు తీయటం ఉత్త మర్యాదకే.

"కవరంటే గోనెసంచి కాదండీ, చర్మం. వస్తువు ఊపిరి పీల్చినా కుట్టుకి తెలియాలి" అనేవాడు వచ్చినవాళ్ళతో. ఆయన కుట్టిన కవరులోకి చీమ దూరదని పేరు. గొప్పకు చెప్పుకున్న మాట కాదది. పంచదార డబ్బాల బీరువాకు కవరు కుట్టించుకున్న కిరాణా కొట్టతను స్వయంగా వచ్చి, చీమలు వరసగా వచ్చి, కాసేపు బయట నిలబడి, ఏదో మాట్లాడుకుని వెనక్కి పోతున్నాయని సంబరంగా చెప్పి వెళ్ళాడు.

ఇక ఇంటి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్రిజ్‌కు కవరు, ఫ్రిజ్ తలుపు పిడికి వేరే కవరు. మిక్సీకి, రిమోటుకి, గ్యాసు సిలిండరుకి, గోడ గడియారానికి కూడా. గొడుగు కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన కవరు మాసిపోకుండా దానికీ ఒక కవరు. ఆయన బావమరిది ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే ఆగిపోయేవాడు.

"అక్కా, ముందు బావ చేతిలో టేపు ఉందో లేదో చూసి చెప్పు. కాసేపు కదలకుండా కూచుంటే నాక్కూడా జిప్పు పెట్టేస్తాడు."

"నీ నోటికి పెడితే చాల్లేరా" అనేది అక్క లోపల్నుంచి.

ఆ అక్కే కవర్లాయన భార్య. పెళ్ళికి ముందెప్పుడో నేర్చుకున్న టైపు ఇన్నేళ్ళూ వంటింటి సందడిలో మరుగునపడి ఉండి, నలభై దాటాక పనికొచ్చింది. ఎక్కడెక్కడో జరిగే మీటింగుల్ని రికార్డు చేసి పంపుతారు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విన్నది విన్నట్టు టైపు చేసి తిరిగి పంపాలి. ఒక సంస్థవాళ్ళు ఆవిణ్ణి చూద్దామంటే చూద్దామన్నట్టు పెట్టుకున్నారు. బాగా చేస్తే పని నిలుస్తుంది, లేదంటే లేదు. జీతం మాట అటుంచి, తలుపేసుకుని చేసుకునే పని ఆవిడ జీవితంలో అదే మొదటిది. బయట్నుంచి అత్తగారు పిలిస్తే, "పనిలో ఉన్నానత్తయ్యా" అని లోపల్నుంచి బదులు చెప్పటంలో ఆవిడకు ఎంత సుఖం ఉందో కవర్లాయనకు తెలుసు. ఆ మాట ఆవిడ అవసరం లేనప్పుడు కూడా అనేది.

కంప్యూటర్ బావమరిది కొట్లో కొన్నదే. ఆ కుర్రాడు, అంటే వయసుకు కుర్రాడేం కాదు, బావమరిది గనక కుర్రాడు, రెండు వీధులవతల కంప్యూటర్ల రిపేరు కొట్టు నడిపేవాడు. కంప్యూటర్ ఇంటికొచ్చిన రోజే కవర్లాయన పనులన్నీ పక్కన పెట్టి, సీపీయూ అని అందరూ అనే ఆ పెట్టెకు బూడిదరంగు కాన్వాసుతో కవరు కుట్టాడు. అంచుల వెంట ఎర్ర పైపింగు. బటన్ కనపడేందుకు ముందువైపు పలచటి ప్లాస్టిక్ కిటికీ. వెనకాల వైర్లు వచ్చే చోట స్వెట్టరు మెడలాంటి బిగుతు ఎలాస్టిక్. అడుగున కూడా గుడ్డే. మెడ దగ్గర్నుంచి అడుగుదాకా జిప్పు. కంప్యూటర్ నడుస్తున్నా కవరు విప్పక్కర్లేదు. తన జన్మలో ఇంత సొంపైన కవరు కుట్టలేదని ఆయనే ఒప్పుకున్నాడు.

కంప్యూటర్ ఆగిపోవటం ఆ వారంలోనే మొదలైంది.

ఒక అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళ సర్వసభ్య సమావేశం అది. లిఫ్టులో అద్దం ఉండాలా వద్దా అన్నది చర్చ. కార్యదర్శి ఉండాలంటాడు. ఉపాధ్యక్షుడు వద్దంటాడు, అద్దం ఉంటే జనం దిగాల్సిన చోట దిగకుండా మొహాలు చూసుకుంటూ పైకీ కిందకీ తిరుగుతారని. ఈ మాట చెప్పి ఉపాధ్యక్షుడు దగ్గుతాడు. సరిగ్గా ఆ దగ్గు దగ్గర తెర నల్లబడి, పెట్టెలోంచి ఒక నిట్టూర్పు వచ్చి, అంతా ఆగిపోయింది. సంస్థవాళ్ళిచ్చిన టైపు ప్రోగ్రామ్ ఒక భాగం మొత్తం పూర్తయితే తప్ప ఏదీ దాచుకోదు. రాసిందంతా పోయింది. ఆవిడ మళ్ళీ మొదట్నుంచి వింది. మళ్ళీ అద్దం, మళ్ళీ ఉపాధ్యక్షుడు, మళ్ళీ దగ్గు, మళ్ళీ నల్ల తెర.

"ఆ దగ్గే దాని ప్రాణం తీస్తోంది" అంది అత్తగారు, గుమ్మంలో నిలబడి. "పాపం, దగ్గరగా దగ్గుతున్నాడు కాబోలు."

"రికార్డు అమ్మా అది" అన్నాడు కవర్లాయన.

"రికార్డయితే మాత్రం దగ్గు దగ్గు కాకుండా పోతుందట్రా?"

బావమరిదికి కబురెళ్ళింది. వచ్చాడు. కవరు విప్పి పక్కన పెట్టి, పెట్టె తెరిచి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. వాడికి తెలియనిది లేదు, తెలిసినది చెప్పకుండా ఉండనూ లేడు.

"దుమ్ము బావా. కంప్యూటర్‌కి దుమ్మే యముడు."

"దుమ్మా? నా కవరులోకా?"

"వెనకాల మెడ కొంచెం వదులుగా ఉంది చూడు."

తన కుట్టు వదులన్న మాట కవర్లాయన ఆ వయసులో మొదటిసారి విన్నాడు. వాడు వీధి మలుపు తిరక్కముందే మెడ విప్పి, రెండు వరసల ఎలాస్టిక్‌తో మళ్ళీ కుట్టాడు. కంప్యూటర్ దగ్గు దాకా కూడా పోకుండా, ఉపాధ్యక్షుడు గొంతు సవరించుకునేటప్పుడే ఆగిపోయింది.

"అదిరినట్టుంది బావా. లోపలి ముక్కలు సున్నితం. వీధిలో లారీ పోతే కూడా కదిలిపోతాయి" అన్నాడు బావమరిది రెండోసారి వచ్చినప్పుడు. కవర్లాయన కవరు లోపలంతా ఫోమ్ అతికి, పరుపు కుట్టినట్టు గళ్ళు గళ్ళుగా కుట్టాడు. "చెమ్మ అయ్యుంటుంది" అన్నాడు మూడోసారి. పైన రెగ్జిన్ పొర వచ్చింది. వాడు ప్రతిసారీ తయారైన కవరును చేత్తో తట్టి, "ఇదీ పనంటే" అని మెచ్చుకునేవాడు. కవరు లావెక్కిన కొద్దీ కంప్యూటర్ ఆయుష్షు తగ్గుతూ వచ్చింది. ఆఖరికి కార్యదర్శి అందరికీ నమస్కారం చెబుతుండగానే పోవటం మొదలెట్టింది.

"చూశావా, దగ్గకముందే పోతోంది. వాడు దగ్గుతాడని దానికి తెలిసిపోయింది" అంది అత్తగారు.

అప్పటికి ఇంటిల్లిపాదికీ ఆ సమావేశం కంఠతా వచ్చేసింది. అత్తగారు అద్దం పక్షం. కవర్లాయన అద్దం ఉండొచ్చు గానీ దానికో తెర ఉండాలనే పక్షం. భార్య మాత్రం ఏ పక్షమూ కాదు. పని కొత్త గనక మొదటి రెండు మీటింగులూ అప్పటికే ఆలస్యంగా పంపింది. మూడోదీ ఆలస్యమైతే ఇక మీకు పని పంపలేమని సంస్థలో పై ఆవిడ మర్యాదగా రాసింది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఈ అద్దం సంగతి తేలి తీరాలి.

"వాళ్ళు తిడితే బావుండేదండీ" అంది భర్తతో. "ఇంత మర్యాదగా రాశారంటే నిజంగానే తీసేస్తారు."

బావమరిది కంప్యూటర్‌ను తన కొట్టుకు పట్టుకుపోయాడు. అక్కడ అది పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడిచింది. వాడు ఉపాధ్యక్షుడి దగ్గును ఒక్కటే కత్తిరించి, మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు పెట్టి, స్పీకర్లో మోగించాడు. కొట్టుకొచ్చిన గిరాకీలు "ఎవరికండీ ఒంట్లో బాగాలేదు?" అని పరామర్శించి పోయారు. కంప్యూటర్ మటుకు చెక్కుచెదర్లేదు. ఇంటికి తెచ్చారు. కవర్లాయన ప్రయాణం చేసొచ్చిన దాన్ని శుభ్రంగా తుడిచి, కవరు తొడిగాడు. నమస్కారం దగ్గరే పోయింది. మళ్ళీ కొట్టుకి తీసుకెళ్ళారు. అక్కడ గుండ్రాయిలా నడిచింది. మళ్ళీ ఇంటికి తెచ్చారు. మళ్ళీ పోయింది.

అత్తగారే తేల్చి చెప్పింది. "ఇందులో అర్థం కానిదేముంది? అది అక్కడ పుట్టి పెరిగింది. పుట్టింటి మీద బెంగ."

"నేనే ఇన్నిసార్లు పుట్టింటికి వెళ్ళలేదత్తయ్యా" అంది కోడలు.

నవ్వాల్సిన మాటే. కానీ బావమరిది నవ్వలేదు. "అత్తయ్య అన్నదాంట్లో పాయింటుంది బావా. కంప్యూటర్‌కి పరిసరాలు చాలా ముఖ్యం" అన్నాడు గంభీరంగా.

కవర్లాయనకు ఆ మాట పట్టుకుంది. ఇంటికి కంప్యూటర్ అలవాటు పడకపోతే, కంప్యూటర్‌కి అలవాటైనట్టు ఇంటిని మార్చాలి. మర్నాడు కొట్టు తెరవకుండా బావమరిది కొట్టుకెళ్ళి, గుమ్మంలో నిలబడి, డాక్టరు చూసినట్టు కొట్టంతా చూసి "ఊఁ" అన్నాడు. సాయంత్రానికి భార్య గదిలో కిర్రుమనే పాత టేబుల్ ఫ్యాను వచ్చింది. సరిగ్గా అందని స్టేషన్ పెట్టిన రేడియో వచ్చింది. ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల, దాని కింద మడిచి పెట్టిన అట్టముక్కతో సహా వచ్చింది. చచ్చిపోయిన కీబోర్డులు ఒక మూలన పోశారు. గోడకు "అప్పు అడగవద్దు" అన్న బోర్డు కూడా తగిలించారు.

"ఇదెందుకండీ?" అంది భార్య.

"ఏది దానికి అలవాటో మనకేం తెలుసు?"

ఇంతా చేసి, ఆఖర్న బావమరిదినే తెచ్చి ఆ బల్ల పక్కన కూర్చోబెట్టారు. వాడు రోజూ కొట్లో చేసినట్టే ఫోన్లో ఎవరికో "రేపిస్తానండీ, తప్పకుండా రేపు" అని చెబుతూ కూర్చున్నాడు. వీధిలో పోతున్న ఒకాయన కిటికీలోంచి చూసి, రిపేరు కొట్టనుకుని లోపలికొచ్చి, తన ఇస్త్రీపెట్టె ఇచ్చి రసీదు అడిగాడు. కవర్లాయన కంప్యూటర్‌కు తొడిగిన కవరు మీద చెయ్యి వేసి, నిద్రపోయే పిల్లను జోకొట్టినట్టు మెల్లగా తట్టాడు. భార్య మొదలుపెట్టింది. కార్యదర్శి నోరు తెరిచాడు. తెర నల్లబడింది.

రేడియో గరగరమంది. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి అనొచ్చు. గదిలోంచి అందరూ ఒక్కొక్కరే అడుగుల చప్పుడు కాకుండా బయటికొచ్చేశారు, ఇస్త్రీపెట్టె ఆయనతో సహా.

శుక్రవారం పొద్దున ఆవిడే చెప్పింది. "దానికి పుట్టిల్లే కావాలంటే నేనూ దాంతోపాటే వెళ్తాను." ఆటోలో కంప్యూటర్‌ను ఒళ్ళో పెట్టుకుని, ఎవరి సలహా అడక్కుండా వెళ్ళిపోయింది.

కొట్లో తమ్ముడు అది వచ్చినప్పుడల్లా చేసేట్టే చేశాడు. కవరు జిప్పు లాగి విప్పాడు. మడిచాడు. వాడి కుర్చీలో దూది ఎప్పుడో బయటికొచ్చేసి చెక్క గుచ్చుకుంటుంటుంది. ఫోమ్ వేసిన ఆ కవరు అంత మెత్తటి దిండు ఆ వీధిలోనే లేదు. దాని మీద చక్కగా కూర్చుని పనిలో పడ్డాడు. అక్క బల్ల చివర కూర్చుని టైపు మొదలెట్టింది. అద్దం చర్చ అయింది. దగ్గు దాటింది. నీళ్ళ ట్యాంకు గొడవ దాటింది. సభ్యులు ఒకళ్ళనొకళ్ళు వేలు చూపించుకుని అరుచుకున్న చోటు దాటింది. భాగం తర్వాత భాగం భద్రంగా ఆఫీసుకు చేరుకుంది. మధ్యలో గిరాకీలు వచ్చి ఆవిణ్ణే కొట్టు యజమాని అనుకుని ఛార్జర్లు, ఫోన్లు ముందు పెడుతుంటే, ఆవిడ తలెత్తకుండా బొటనవేలితో తమ్ముణ్ణి చూపించేది.

మధ్యాహ్నం దాటాక కవర్లాయన భోజనం డబ్బా పట్టుకుని వచ్చాడు. ఒళ్ళో ప్రింటర్ పెట్టుకుని వంతు కోసం ఎదురుచూస్తున్న ఒకావిడ జరిగి చోటిచ్చింది. భార్య కళ్ళతోనే ఆఖరి భాగంలో ఉన్నానని చెప్పింది. ఆయన గుండె నిమ్మళించింది. డబ్బా కింద పెట్టి, చుట్టూ చూశాడు. బావమరిది తొడకింద ఎర్ర పైపింగు కనిపించింది.

"లే" అన్నాడు.

"ఏంటి బావా?"

"లే అంటున్నా. దేని మీద కూచున్నావో తెలుస్తోందా నీకు?"

వాడు లేచి చూసుకున్నాడు. "ఓ, ఇదా! భలే మెత్తగా ఉంది బావా. ఇలాంటిదే కుర్చీకొకటి..."

"ఇన్నాళ్ళూ దీని మీదేనా కూచుంటున్నావు?"

"విప్పాక ఎక్కడో అక్కడ పెట్టాలి కదా!"

"గుమ్మం రాయి మీద కూచో, కీబోర్డుల మీద కూచో, నా నెత్తిమీదెక్కి కూచో. నేను గళ్ళు గళ్ళుగా కుట్టింది నీ పిర్రల కోసమా?" ప్రింటరావిడ మొహం పక్కకు తిప్పుకుంది.

కవర్లాయన కవరును రెండు చేతులా అందుకుని దులిపాడు. నలిగిన మూలల్ని వేళ్ళతో సరిచేశాడు. కొట్టు నిండా దుమ్ము, రోడ్డు మీద లారీలు, పక్కన టీ కొట్టు ఆవిరి, వీటన్నిటి మధ్యా ఆ పెట్టె పొద్దున్నుంచీ బట్టల్లేకుండా నిలబడి ఉంది. ఆయన ప్రాణం ఒప్పలేదు. నడుస్తున్న పెట్టెకు కవరు తొడిగి, మెడ సర్ది, జిప్పు చివరిదాకా లాగాడు. భార్య చెవుల్లో ధన్యవాదాల తీర్మానం నడుస్తోంది. ఆవిడ చూడలేదు.

కాసేపటికి పెట్టెలోంచి ఈల లాంటి చప్పుడు మొదలైంది. చప్పుడు పెరిగింది. ప్రింటరావిడ "అదేంటండీ, అలా మూలుగుతోంది?" అంది. బావమరిది తలెత్తాడు. తెర నల్లబడింది.

పుట్టింట్లో, అంతమంది ఎదుట.

భార్య హెడ్‌ఫోన్లు మెల్లగా తీసింది. ముందు తెర వంక చూసింది. తర్వాత కవరు వంక చూసింది. చెయ్యి చాపి దానిమీద పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఏవండీ, ఇది కాలిపోతోంది."

కవర్లాయన తన చెయ్యి పెట్టాడు. కాన్వాసు, ఫోమ్, రెగ్జిన్ మూడూ దాటి వేడి అరచేతికి తగిలింది. లోపల జ్వరంతో ఉన్న మనిషి నుదురులా ఉంది. గాలి పోవటానికి సందెక్కడైనా ఉందేమోనని ఆయన వేళ్ళు వాటంతటవే మెడ దగ్గర, అంచుల దగ్గర, అడుగున వెతికాయి. ఎక్కడా లేదు. ఉండదని ఆయనకు తెలుసు.

"నా కుట్టులో ఎక్కడా తప్పు లేదే" అన్నాడు మెల్లగా. "అదే తప్పయింది."

బావమరిదికి అప్పుడు వెలిగింది. "బావా! నువ్వు దానికి కవరు కాదు, ఎండాకాలంలో రగ్గు కప్పావు!"

"నువ్వు నోరు ముయ్యి" అంది అక్క. "దుమ్మన్నదెవరు? అదురన్నదెవరు? చెమ్మ అన్నదెవరు? నువ్వొక్కో మాట అనటం, ఆయనొక్కో పొర వెయ్యటం. ఇద్దరూ కలిసి దాన్ని ఉడకబెట్టారు." గోడ గడియారం చూసింది. "ఆఖరి భాగం మొత్తం పోయింది. ఇప్పుడు మళ్ళీ రాయాలి. వాళ్ళు ఆఫీసు మూసేస్తారు."

కవర్లాయన జిప్పు పట్టుకుని లాగాడు. కదల్లేదు. లోపలి ఫోమ్ నలిగి పళ్ళ మధ్య ఇరుక్కుంది. మళ్ళీ లాగాడు. గట్టి జిప్పు అది, ఏరి కోరి తెచ్చింది. తన చేత్తో పూర్తిచేసిన కవరు మీద ఆయన ఏనాడూ కత్తెర పెట్టలేదు. నచ్చలేదని తిప్పి తెచ్చిన వాటికి కూడా ఓపిగ్గా కుట్టు విప్పి ఇచ్చేవాడే తప్ప కత్తిరించేవాడు కాదు.

"కత్తెర" అన్నాడు.

బావమరిది వైర్లు కత్తిరించే కత్తెర అందించాడు. దాని మూతి మొద్దుబారి ఉంది. కవర్లాయన కవరు మెడ దగ్గర పెట్టి, పైనుంచి అడుగు దాకా, ఎర్ర పైపింగుతో సహా, కసకస కోసేశాడు. లోపల్నుంచి వేడి ఆవిరి ఆయన మొహానికి కొట్టింది. ప్రింటరావిడ తన ప్రింటర్ అట్టపెట్టె మూత చింపి ఇచ్చింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని విసరటం మొదలెట్టాడు.

పెట్టె చల్లారుతున్నంతసేపూ భార్య కళ్ళు మూసుకుని, విన్న తీర్మానాన్ని పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంటూ కూర్చుంది. కంప్యూటర్ మళ్ళీ వెలిగింది. ఆవిడ వేళ్ళు పరిగెత్తాయి. బావమరిది ఫోను మోగితే ఎత్తి, జీవితంలో మొదటిసారి రేపు అనకుండా పెట్టేశాడు. కవర్లాయన విసురుతూనే ఉన్నాడు. చెయ్యి మార్చి విసిరాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆఖరి భాగం పూర్తయింది. ఆవిడ పంపింది.

సంస్థలో పై ఆవిడ బదులిచ్చేదాకా అందరూ తెర వంకే చూశారు. బదులు పొట్టిగానే వచ్చింది. అందింది, బాగుంది, సోమవారం కొత్తది పంపుతాం, ఇకనుంచి మీరు మా మనిషే.

ఆవిడ దాన్ని పైకి చదివింది. రెండోసారి మనసులో చదువుకుంది. తమ్ముడు "అక్కా!" అని అరిచాడు. ప్రింటరావిడ, ఏం జరిగిందో సగమే తెలిసినా, చేతులు తట్టింది. ఆవిడ కంప్యూటర్ ఆపేసి, కుర్చీ వెనక్కి జరిపి, కింద మోకాళ్ళ మీద ఉన్న భర్తను చూసింది.

"ఇంక చాలండీ. పంపేశాను."

ఆయన అట్టముక్క ఆపలేదు.

"కంప్యూటర్ కూడా ఆపేశానండీ."

"తెలుసు" అన్నాడు కవర్లాయన, పెట్టె వంకే చూస్తూ, విసురుతూనే. "ఉండనీ. ఇంకొంచెంసేపు గాలి తగలనీ."